కుదురులేని బిడ్డ, దూరపు నిర్ధారణ: కర్నూలు, కడప జిల్లాల్లో ఏడీహెచ్‌డీ - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

అవధానలోప-అతిచలన రుగ్మత (ఏడీహెచ్‌డీ) నిర్ధారణకు రక్తపరీక్ష గాని, స్కానింగు గాని ఆధారం కాదు. ఇంట్లోనూ బడిలోనూ బిడ్డ ప్రవర్తనను దీర్ఘకాలం చూసినవారి మాటలే దానికి ఆధారం. కాబట్టి ఒక ప్రాంతంలో ఈ నిర్ధారణ సాధ్యమా కాదా అన్నది అక్కడ వైద్యుడున్నాడా అన్న ప్రశ్నతోనే తేలదు. ఆ బిడ్డను నిలకడగా చూసిన సాక్షి ఉన్నాడా అన్నది కూడా తేలాలి. ఈ దృష్టితో కర్నూలు, కడప జిల్లాల చరిత్రను 1823 నాటి వీధిబడుల నివేదిక నుంచి నేటి బాల స్వాస్థ్య కార్యక్రమం వరకు పరిశీలించి, కరవు, వలస, రాష్ట్ర సరిహద్దుల మార్పులు ఈ సాక్ష్యాన్ని ఎలా తెంచుతూ వచ్చాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: అవధానం, ఏడీహెచ్‌డీ, వీధిబడి, దత్తమండలం, సుగ్గి, నిర్ధారణ, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం:

తరగతిలో ఒకచోట కూర్చోలేని పిల్లలు, చెప్పిన పని సగంలో వదిలేసేవారు, పలకా బలపం రోజుకొకటి పోగొట్టుకునేవారు, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేవారు ప్రతి తరంలోనూ ఉన్నారు. వారిని పిలవడానికి రాయలసీమ వాడుకలో దుడుకు, తుంటరి, కుదురులేనివాడు వంటి మాటలున్నాయి. అయితే ఈ మాటలన్నీ గుణాన్ని చెప్పేవే. గుణమంటే మందలించి మార్చవలసినదన్న భావం వాటిలో ఇమిడి ఉంది. గుణంగా భావించినదాన్ని స్థితిగా గుర్తించడం ఇటీవలి పరిణామం. ఆ పరిణామం లండన్, అమెరికాలలో ఎలా జరిగిందో వైద్యచరిత్రకారులు విస్తారంగా రాశారు. తుంగభద్ర, పెన్నా నదుల మధ్యనున్న మెట్ట పల్లెలకు అది ఏ దారిన చేరిందన్నదే ప్రస్తుత పరిశీలనాంశం.

ఈ చర్చకు ముందు నిర్ధారణ స్వరూపాన్ని స్పష్టం చేసుకోవాలి. అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన ఐదవ సూచిక ప్రకారం లక్షణాలు రెండు వర్గాలు: అవధానలోపానికి సంబంధించినవి 9, అతిచలనం-తొందరపాటుకు సంబంధించినవి 9. ఏదో ఒక వర్గంలో పిల్లలకైతే కనీసం 6, 17 ఏళ్ళు నిండినవారికైతే కనీసం 5 లక్షణాలుండాలి. అవి 6 నెలలకు తగ్గకుండా కొనసాగాలి. 12 ఏళ్ళలోపే కొన్ని కనిపించి ఉండాలి. ఇల్లు, బడి, పనిచేసే చోటు వంటివాటిలో కనీసం రెండుచోట్ల కనిపించాలి. వాటివల్ల చదువుకో, పనికో, సంబంధాలకో నష్టం జరుగుతూ ఉండాలి. కాలం, వయస్సు, రెండు స్థలాలు అనే ఈ మూడు షరతులూ నిలకడైన జీవితాన్ని ముందే ఊహించుకున్నవని గుర్తుంచుకుంటే తరువాతి చరిత్ర సుబోధమవుతుంది.

2. 'అవధాన'మనే పదం - తెలుగు సంస్కారం:

ఈ రుగ్మత పేరులోని 'అవధానం' తెలుగువారికి కొత్త పదం కాదు. కడప జిల్లా ప్రొద్దుటూరు అవధానవిద్యకు ప్రసిద్ధి. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకటశేషశాస్త్రి జంటగా అవధానాలు చేసింది ఈ పట్టణం నుంచే. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులుంటారు. వారిలో అప్రస్తుత ప్రసంగి పని అవధాని ధ్యాసను చెదరగొట్టడమే. చెదిరిన ధ్యాసను మళ్ళీ విడిచిన పాదం దగ్గరకే తెచ్చుకొని, చివరకు ధారణలో అన్నింటినీ అప్పగించడం అవధాని సామర్థ్యం.

అంటే మన సంప్రదాయంలో అవధానం ఒక పరిమాణం కాదు, ఒక నియంత్రణ. ఎంతసేపు చూశాడన్నది ముఖ్యం కాదు. కావలసినప్పుడు కావలసినచోటికి మనసును మళ్ళించగలిగాడా అన్నదే ముఖ్యం. ఆధునిక వైద్యం చెప్పేదీ దాదాపు ఇదే. ఏడీహెచ్‌డీ ఉన్న బిడ్డ తనకు నచ్చిన ఆటలోనో, టీవీ ముందో గంటల తరబడి లీనం కావచ్చు. నచ్చని లెక్క దగ్గర ఐదు నిమిషాలు నిలవలేకపోవచ్చు. "టీవీ ముందు కదలకుండా కూర్చుంటాడు కదా, వాడికేం రోగం?" అని తల్లిదండ్రులు వేసే ప్రశ్న 'లోపం' అనే పదాన్ని కొరతగా అర్థం చేసుకోవడం వల్ల పుట్టింది. దాన్ని అవధాన నియంత్రణలోని ఇబ్బందిగా వివరిస్తే తెలుగువారికి సులభంగా బోధపడుతుంది. నిర్ధారణ తొలి అడుగు ఈ భాషాంతరం దగ్గరే ఉంది.

3. వీధిబడి - శిక్షలో కనిపించే బిడ్డ:

దత్తమండలాలు 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. వాటికి తొలి ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో తరువాత మద్రాసు గవర్నరై 1822లో రాజధాని అంతటా విద్యాస్థితిపై విచారణకు ఆదేశించాడు. కడప కలెక్టరు తన జిల్లాలో 494 బడులున్నట్లు లెక్క పంపాడు. కర్నూలు అప్పటికి నవాబు పాలనలో ఉండడంతో ఆ విచారణలోకి రాలేదు. కంపెనీ దాన్ని కలుపుకొన్నది 1839లో. అయితే నేటి కర్నూలు జిల్లాలోని ఆదోని, ఆలూరు ప్రాంతాలు ఆనాడు బళ్ళారి జిల్లాలో భాగం. కాబట్టి బళ్ళారి కలెక్టరు, తెలుగు వ్యాకరణకర్త కూడా అయిన ఏ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక మన పరిశీలనకు ముఖ్యాధారం.

తన జిల్లాలో 533 బడుల్లో 6,641 మంది చదువుతున్నారని ఆయన లెక్క చెప్పాడు. సగటున బడికి 12 మంది. ఉదయం ముందుగా వచ్చిన బిడ్డ అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారు. రెండవవానికి సున్న చుట్టేవారు. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి వరుసగా ఒక్కొక్కటి ఎక్కువ. చదవని పిల్లవాణ్ణి కొట్టడమే కాక రెండు చేతులూ కట్టి కప్పుకు వేలాడదీయడం, ఆపకుండా కూర్చోబెట్టి లేపడం ఉండేవని ఆయన రాశాడు. తెలుగువారు వీటిని కోదండం, గుంజీళ్ళు అన్న పేర్లతో ఎరుగుదురు.

దారిలో ధ్యాస మళ్ళడం, చెప్పింది మరచిపోవడం నేటి లక్షణాల పట్టికలో ఉన్న అంశాలే. ఆ వరుసలో రోజూ చివర వచ్చే బిడ్డ ఎవరన్నది ఉపాధ్యాయునికి కచ్చితంగా తెలిసేది. ఆనాటి బడి ఆ బిడ్డను గుర్తించింది, గుర్తించి శిక్షించింది. అలాగని 1823 నాటి పిల్లలకు ఈనాటి రోగనామాన్ని అంటగట్టడం చరిత్ర పద్ధతి కాదు. దెబ్బలు తిన్నవారిలో ఆకలితో వచ్చినవారు, చూపు మందగించినవారు, పొలం పని చేసి వచ్చినవారు కూడా ఉండి ఉంటారు. శిక్షకు ఈ తేడాలతో పనిలేదు. నిర్ధారణకు ఆ తేడాలే ప్రాణం.

ఆ నివేదికలో మరొక ముఖ్యాంశం ఉంది. బడిలో సాధారణంగా నాలుగు తరగతులుండేవి. బిడ్డ వయస్సును బట్టి కాక, సామర్థ్యాన్ని బట్టి ఒకదానినుంచి మరొకదానికి వెళ్ళేవాడు. కింది తరగతులను పెద్ద విద్యార్థులు చూసుకొనేవారు. వయస్సువారీ తరగతి, గంటల పట్టిక, వార్షిక పరీక్ష తరువాతి కాలపు ఏర్పాట్లు. ఒకే వయస్సు పిల్లలను ఒకే గదిలో ఒకే పనికి కూర్చోబెట్టినప్పుడే 'ఈ వయసువారిలో ఇతడు వేరు' అన్న పోలిక సాధ్యమవుతుంది. ఆధునిక నిర్ధారణ అలాంటి పోలిక మీదనే ఆధారపడింది. బడి స్వరూపం మారడం వల్లనే ఈ స్థితి కంటికి ఆనిందని చెప్పవచ్చు.

ప్రజలు బీదలవుతున్నారని, లేత వయసులోనే పిల్లల చేత పని చేయించుకోక తప్పని స్థితి తల్లిదండ్రులకు ఏర్పడిందని కూడా క్యాంప్‌బెల్ రాశాడు. బడి బయట ఉన్న బిడ్డను చూసే సాక్షి లేడు. ఈ వాక్యానికి రెండు వందల ఏళ్ళ తరువాత కూడా కాలం చెల్లలేదని ముందు ముందు చూస్తాం.

4. గుణం నుంచి స్థితికి - వైద్యశాస్త్ర గమనం:

యూరపులో ఈ ఆలోచన క్రమంగా రూపుదిద్దుకుంది. జర్మన్ వైద్యుడు వైకార్డ్ 1775లో, స్కాట్లాండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లో ధ్యాస నిలవని స్థితిని వైద్యగ్రంథాల్లో చర్చించారు. 1902లో జార్జ్ స్టిల్ లండన్ రాయల్ వైద్య కళాశాలలో చేసిన ఉపన్యాసాల్లో, తెలివితేటలకు లోటు లేకున్నా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లలను వర్ణించాడు. తెలివికీ నియంత్రణకూ మధ్య గీసిన ఈ గీత కీలకమైనది. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ ఉత్తేజక ఔషధంతో ఇలాంటి పిల్లల చదువు, ప్రవర్తన మెరుగుపడడం గమనించాడు. మిథైల్‌ఫెనిడేట్ 1944లో తయారైంది. అమెరికన్ సూచికలో 1968లో బాల్యపు అతిచలన ప్రతిక్రియగాను, 1980లో అవధానలోప రుగ్మతగాను, 1987లో నేటి పేరుతోను ఇది చోటు చేసుకుంది. 2022 నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ వర్గీకరణ కూడా పాత 'హైపర్‌కైనెటిక్' పేరు వదిలి ఇదే పేరును స్వీకరించింది.

భారతదేశంలో పిల్లల మానసిక పరిశీలన తెలివిని కొలవడంతో మొదలైంది. 1930లలో ధార్వాడలో వి. వి. కామత్ బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు అనువుగా మలిచాడు. 1937లో బొంబాయిలో టాటా సామాజిక సేవా విద్యాలయం ఆధ్వర్యంలో బాలల మార్గదర్శక కేంద్రం వెలిసింది. కామత్ పరీక్ష నేటికీ దేశంలో వాడుకలో ఉంది. అయితే తెలివిని కొలిచే పరీక్ష నియంత్రణను కొలవదు. తెలివి సూచిక సక్రమంగా ఉన్నదన్న కాగితంతో ఇంటికి వెళ్ళిన బిడ్డ, మరుసటి రోజు నుంచి 'తెలివి ఉండీ చదవని సోమరి' అన్న మాట పడవలసి వస్తుంది. స్టిల్ గీసిన గీత మన పరీక్షా పద్ధతుల్లోకి ఆలస్యంగా వచ్చిందనడానికి ఇది నిదర్శనం.

5. ఆసుపత్రి, సరిహద్దు:

మద్రాసు రాజధానిలో మానసిక వైద్యమంటే దీర్ఘకాలం పిచ్చాసుపత్రే. మద్రాసు, కాలికట్, వాల్తేరులలో అవి ఉండేవి. కిల్పాక్ ఆసుపత్రి 1871లో ఆరంభమైంది. 1912 నాటి భారత ఉన్మాద చట్టం మతిస్థిమితం లేనివారిని, బుద్ధి ఎదగనివారిని ఒకే నిర్వచనంలో చేర్చింది. ఈ రెండింటిలో దేనికీ చెందని కుదురులేని బిడ్డకు ఆ చట్టంలో గాని, ఆ ఆసుపత్రిలో గాని స్థానం లేదు. అటువంటి చోటికి బిడ్డను తీసుకుపోవడమంటే కుటుంబానికి మచ్చ. ఆ జంకు నేటికీ ఈ ప్రాంతంలో పూర్తిగా పోలేదు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు కిల్పాక్ మద్రాసు రాష్ట్రంలో మిగిలిపోయింది. మద్రాసు-బొంబాయి రైలుమార్గంలో ఉన్న కడపకు మద్రాసు దగ్గర. సొంత రాష్ట్రపు మానసిక ఆసుపత్రి మాత్రం విశాఖపట్నంలో ఉంది. కర్నూలు నుంచి అది దాదాపు 700 కిలోమీటర్లు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదులోని ఎర్రగడ్డ ఆసుపత్రి అందుబాటులోకి వచ్చింది. కర్నూలుకు అది సుమారు 210 కిలోమీటర్లు. 1984లో సికింద్రాబాదులో బుద్ధిమాంద్యుల జాతీయ సంస్థ కూడా వెలిసింది. 2014 విభజనతో ఎర్రగడ్డ మళ్ళీ పొరుగు రాష్ట్రానిదైంది. అరవై ఏళ్ళ వ్యవధిలో రెండుసార్లు సరిహద్దు కదిలింది. రెండుసార్లూ రాయలసీమ ప్రజలు అలవాటుపడిన మానసిక ఆసుపత్రి సరిహద్దుకు అవతల మిగిలింది.

ఈ ఖాళీని స్థానిక వైద్య కళాశాలలు కొంత పూరించాయి. కర్నూలు వైద్య కళాశాల 1956లో, కడప రిమ్స్ 2006లో మొదలయ్యాయి. 2023 డిసెంబరులో కడపలో 100 పడకల మానసిక వైద్యశాల ప్రారంభమైంది. అయినా స్తోమత ఉన్న కుటుంబాలు బిడ్డను బెంగళూరులోని నిమ్హాన్స్‌కో, హైదరాబాదుకో తీసుకుపోవడం మామూలే. ఏడీహెచ్‌డీ నిర్ధారణ తరచు ఒక్క సందర్శనతో పూర్తికాదు. తల్లిదండ్రులతో మాట్లాడాలి; ఉపాధ్యాయుడు నింపిన ప్రశ్నావళి రావాలి; చూపు, వినికిడి పరీక్షించాలి. రక్తహీనత, మూర్ఛ, నిద్రలేమి, థైరాయిడ్ సమస్య, ఆందోళన, అభ్యసన వైకల్యం వంటివాటిని పరిశీలించి విడదీయాలి. ప్రతి ప్రయాణం దినకూలి కుటుంబానికి పోయిన కూలితో సమానం. దూరాన్ని కిలోమీటర్లలో గాక పోయిన దినాల్లో లెక్కించాలి.

6. బళ్ళారి నుంచి బాల స్వాస్థ్యం వరకు:

జిల్లా ఆసుపత్రికే మానసిక వైద్యాన్ని తేవాలన్న ఆలోచన ఆచరణలోకి వచ్చిందీ ఈ పొరుగునే. క్యాంప్‌బెల్ పాలించిన బళ్ళారిలోనే నిమ్హాన్స్ సంస్థ 1985 నుంచి 1990 వరకు జిల్లా మానసిక ఆరోగ్య ప్రయోగం నడిపింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు శిక్షణ ఇచ్చింది. ఆ నమూనాపై కేంద్రప్రభుత్వం 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరంభించింది. మొదట ఎంపికైన నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. తీవ్ర మనోవ్యాధులు, మూర్ఛ, బుద్ధిమాంద్యం దాని ప్రధాన లక్ష్యాలు. పెద్ద అరుపుగా వినిపించే వ్యాధులకు ముందు స్థానం దక్కడం సహజమే. తరగతి వెనక బెంచీలో కిటికీలోంచి చూస్తూ కూర్చున్న బాలిక ఆ జాబితాకు వెలుపలే ఉండిపోయింది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంతో ఈ స్థితికి తొలిసారి ప్రభుత్వ పట్టికలో పేరు దొరికింది. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, ఎదుగుదల జాప్యాలు అనే నాలుగు వర్గాల్లో 30 స్థితులను 18 ఏళ్ళలోపు పిల్లల్లో గుర్తించడం ఆ కార్యక్రమ లక్ష్యం. అందులో ఏడీహెచ్‌డీ 29వది. సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్ళాలి. అనుమానం ఉన్నవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. గుర్తింపు వేరు, నిర్ధారణ వేరు. బృందం ఏడాదికొకసారి వచ్చి వెళ్ళే బడిలో, బిడ్డ ఆ రోజు కదలకుండా కూర్చుంటే ఏమీ తెలియదు. కొత్త మనుషుల ముందు చాలామంది పిల్లలు కుదురుగానే ఉంటారు. కాబట్టి ఆ బృందానికి కళ్ళు ఉపాధ్యాయులే. ఉపాధ్యాయుడు చెప్పనిదే 29వ గడి ఖాళీగానే ఉంటుంది.

గణాంకాలలో కూడా ఈ ప్రాంతం స్థానం గమనింపదగినది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ వాటిలో లేవు. 2018లో వెలువడిన ఇన్‌క్లెన్ అధ్యయనం అయిదు ప్రాంతాల్లో 2-9 ఏళ్ళ పిల్లల నాడీవికాస రుగ్మతలను పరిశీలించింది. ఆ ప్రాంతాల్లో హైదరాబాదు ఉంది. 2013లో ప్రచురితమైన ఒక కోయంబత్తూరు అధ్యయనం ప్రాథమిక పాఠశాలల పిల్లల్లో 11.32 శాతం మందిలో ఈ స్థితిని గుర్తించింది. నగరపు అంకెను మెట్ట పల్లెకు అప్పగించడం సరికాదు. ఇక్కడి పిల్లలను ఇక్కడే లెక్కించాలి.

7. సుగ్గి - తెగిపోయే సాక్ష్యం:

కర్నూలు జిల్లా పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడుబూరు ప్రాంతాల్లో వానలు తప్పిన ఏడు కుటుంబాలు ఇళ్ళకు తాళాలు వేసి గుంటూరు మిరపకోతలకు, పత్తి తీతకు వెళతాయి. దీన్ని స్థానికులు సుగ్గికి పోవడమంటారు. సుగ్గి అంటే పంట కాలం. ఊరిలో పంట లేక వేరే ఊరి పంటకు పోవడానికి కూడా అదే మాట వాడుకలో నిలవడం ఈ ప్రాంతపు విషాదం. పిల్లలు కొందరు వెంట వెళతారు. కొందరు అవ్వాతాతల దగ్గర ఉంటారు. కొందరి కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు నడుపుతుంది.

పైన చెప్పిన మూడు షరతులను ఇప్పుడు ఈ బిడ్డకు అన్వయించి చూద్దాం. 6 నెలలపాటు కొనసాగిన లక్షణాలు కావాలి. చలికాలంలో బడి వదిలి ఎండాకాలానికి తిరిగివచ్చే బిడ్డను ఒక ఉపాధ్యాయుడు ఏకబిగిన 6 నెలలు చూడడు. రెండుచోట్ల సాక్ష్యం కావాలి. తల్లిదండ్రులు గుంటూరు జిల్లాలో ఉన్నప్పుడు ఇంటి సాక్ష్యం వినికిడి తగ్గిన అవ్వది. బడిలో నష్టం జరుగుతున్నట్లు తేలాలి. ఆ నష్టం ధ్యాస నిలవక వచ్చిందా, నాలుగు నెలల పాఠాలు పోగొట్టుకోవడం వల్ల వచ్చిందా అన్నది విడదీయడం కష్టం. ఊరు మారిన ఆందోళన, నిద్ర సరిగా లేకపోవడం, అర్ధాకలి కూడా అదే చంచలత్వాన్ని చూపవచ్చు. ఫలితంగా రెండు ప్రమాదాలున్నాయి. వలస తెచ్చిన అస్థిరతను రుగ్మతగా పొరబడడం ఒకటి. నిజమైన రుగ్మతను 'సుగ్గికి పోయి చదువు చెడింది' అని తోసిపుచ్చడం రెండవది. రెండవదే ఎక్కువ నిశ్శబ్దంగా జరుగుతుంది.

బడికే రాని పిల్లల విషయం మరింత కఠినం. నంద్యాల పరిసరాల విత్తనపత్తి చేలలో బాలికల శ్రమ గురించి 2000 తరువాత విస్తృతంగా చర్చ జరిగింది. చేలో పనిచేసే పిల్లకు ఒకచోట కూర్చొమ్మన్న నియమం లేదు. అక్కడ అతిచలనం ఎవరికీ అడ్డం కాదు. పరధ్యానం మాత్రం తిట్లు తెస్తుంది. అబ్బాయిల్లో అల్లరిగా కనబడేది అమ్మాయిల్లో తరచు మౌనమైన పరధ్యానంగా ఉంటుంది. అందువల్ల గుర్తింపులో వారు వెనకబడతారని వైద్యలోకం అంగీకరిస్తున్నది. చదువు మాన్పించడానికి సాకు వెతికే ఇంట్లో ఆ పరధ్యానమే సాకు అవుతుంది.

8. పెద్దయ్యాక నిర్ధారణ:

ఏడీహెచ్‌డీ బాల్యంతో ముగిసిపోదని, కొందరిలో పెద్ద వయస్సులోనూ కొనసాగుతుందని నేడు స్థిరపడింది. బిడ్డకు పరీక్షలు చేయిస్తూ ఆ ప్రశ్నల్లో తమను తాము గుర్తుపట్టే తల్లిదండ్రులున్నారు. ఉద్యోగం నిలబెట్టుకోలేక, గడువులు తప్పి, అప్పుల లెక్క మరచి, చివరకు మనోవైద్యుని దగ్గరకు వెళ్ళే యువకులున్నారు. వారిని వైద్యుడు అడిగే తొలి ప్రశ్న: 12 ఏళ్ళలోపు ఎలా ఉండేవారు?

దీనికి పత్రసాక్ష్యం ఏది? మన బడులు ఇచ్చే స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్టులో ప్రవర్తన గడిలో సాధారణంగా 'సంతృప్తికరం' అన్న ఒక్క మాట ఉంటుంది. ప్రోగ్రెస్ కార్డులో మార్కులుంటాయి. బిడ్డ పరీక్షలో సగం పేపరు ఎందుకు వదిలేశాడో ఉండదు. కోదండాల కాలం నుంచి నేటివరకు బడి బిడ్డ ప్రవర్తనను శిక్షించిందే గాని నమోదు చేయలేదు. అందువల్ల పెద్దవారి నిర్ధారణ తల్లి జ్ఞాపకంపైనే ఆధారపడుతుంది. తల్లి జ్ఞాపకంలో ఆ బిడ్డ 'చిన్నప్పటి నుంచి దుడుకే' అన్న మాటగా మిగిలి ఉంటాడు. పాత పదకోశమే ఇక్కడ సాక్ష్యమై ఉపకరిస్తుంది. దుడుకు అన్న మాట వెనక ఉన్న సంఘటనలను ఓపికగా అడిగి రాబట్టడం వైద్యుని నైపుణ్యం.

9. నిర్ధారణ తరువాత - చట్టం, ధ్రువపత్రం, ఔషధం:

2009 విద్యాహక్కు చట్టం 17వ నిబంధన బడిలో శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధించింది. క్యాంప్‌బెల్ వర్ణించిన శిక్షలకు చట్టపరమైన ముగింపు రావడానికి 186 ఏళ్ళు పట్టింది. అయితే శిక్ష పోయినచోట సహాయం రావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం పేరుతో సహా చేరాయి. ఏడీహెచ్‌డీ పేరు విడిగా చేరలేదు. సదరం క్యాంపులో వరుసలో నిలబడ్డ తండ్రికి, మండల భవిత కేంద్రంలో అడిగిన తల్లికి ఎదురయ్యే చిక్కు ఇదే. బాల స్వాస్థ్య పట్టికలో 29వ స్థానంలో ఉన్న పేరు వైకల్యాల జాబితాలో లేదు. ఒక ప్రభుత్వ పత్రం వెతకమన్న బిడ్డకు మరొక ప్రభుత్వ పత్రం చోటు చూపలేదు.

ఔషధం విషయంలోనూ దూరం ఉంది. మిథైల్‌ఫెనిడేట్ మనదేశంలో షెడ్యూల్ ఎక్స్ కిందికి వస్తుంది. దాన్ని అమ్మే దుకాణానికి ప్రత్యేక లైసెన్సు కావాలి. వైద్యుని చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి. ఒక ప్రతిని దుకాణదారుడు రెండేళ్ళు భద్రపరచాలి. దుర్వినియోగాన్ని అరికట్టడానికి ఈ నియమాలు అవసరమే. వాటి భారం మాత్రం పెద్ద నగరానికి దూరంగా ఉన్న కుటుంబంపై ఎక్కువ పడుతుంది. అటామోక్సెటిన్‌కు ఈ షెడ్యూలు వర్తించదు. అదీగాక మందే సర్వస్వం కాదు. బడి వయసుకు ముందరి పిల్లల విషయంలో మొదట తల్లిదండ్రులకు శిక్షణ ఇవ్వాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకాల సారం. బిడ్డను ముందు బెంచీలో కూర్చోబెట్టడం, పనిని చిన్న భాగాలుగా ఇవ్వడం, మధ్యలో లేచి తిరిగే పని అప్పగించడం వంటివి ఏ లైసెన్సూ అక్కరలేని ఉపాయాలు. సామర్థ్యాన్ని బట్టి తరగతి మార్చిన పాత వీధిబడి పద్ధతిలో, దాని దెబ్బలను మినహాయిస్తే, ఈ బిడ్డకు పనికివచ్చే వివేకం కొంత ఉంది.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. దత్తమండలాల వీధిబడి కుదురులేని బిడ్డను గుర్తించింది గాని, కారణాన్ని విచారించలేదు. వయస్సువారీ తరగతి వచ్చాకనే ఆధునిక నిర్ధారణకు కావలసిన పోలిక సాధ్యమైంది.

2. 1953, 2014 సంవత్సరాల రాష్ట్ర పునర్వ్యవస్థీకరణలు రెండుసార్లూ ఈ ప్రాంతం నుంచి మానసిక ఆసుపత్రిని దూరం చేశాయి. కర్నూలు, కడపల వైద్యసంస్థలు ఆ దూరాన్ని ఇటీవలే తగ్గిస్తున్నాయి.

3. నిర్ధారణ షరతులు నిలకడైన ఇంటిని, నిలకడైన బడిని ఊహించుకుంటాయి. సుగ్గికి పోయే కుటుంబంలో ఆ రెండూ తెగిపోతాయి. కాబట్టి వలసబిడ్డతో పాటు ప్రయాణించే ప్రవర్తన నమోదు అవసరం. ప్రతి ఉపాధ్యాయుడు ఏడాదికి నాలుగు వాక్యాలు రాసినా అది వైద్యునికి విలువైన సాక్ష్యం. పాతికేళ్ళ తరువాత ఆ బిడ్డకే విలువైన చరిత్ర.

4. బాల స్వాస్థ్య పట్టికకు, వికలాంగుల చట్టానికి మధ్యనున్న పొందికలేమిని సవరించాలి.

1823లో చివరగా బడికి వచ్చిన బిడ్డ అరచేతిలో దెబ్బల లెక్క మిగిలింది. ఎందుకు ఆలస్యమైందని ఆ బిడ్డను అడిగినవారు లేరు. నిర్ధారణ అంటే ఆ ప్రశ్నను అడగడమే. ఆ ప్రశ్నను అడిగే మనిషి బెంగళూరులోనో హైదరాబాదులోనో కాక, కోసిగి బడిలో, కడప ఆసుపత్రిలో ఉండాలన్నదే ఈ ప్రాంత చరిత్ర సూచించే కర్తవ్యం.